ఎనిమిది పేర్లు

జూన్ 14, ఆదివారం

తమ్ముడూ,

నీ పెట్టెలు గురువారం బడికి చేరాయి. తెచ్చిన మనిషి సంతకం ఎక్కడ పెట్టాలో చూపిస్తూ ఏదో చెప్పాడు. నా ఎడమ చెవి అతని వైపు ఉంది గనక ఒక్క ముక్క ఎక్కలేదు. తలూపి పెట్టేశాను. నీతో ఫోన్లో మాట్లాడనని మొండికేసేది ఇందుకే. మొన్న నువ్వు "పాప పడుకుంది" అంటే నేను "ఏ పాము, ఎక్కడ" అని అరిచి నా మరదలిని హడలగొట్టాను. ఉత్తరమైతే రెండుసార్లు చదువుకోవచ్చు, నా మర్యాదా దక్కుతుంది.

పదహారు ట్యాబులూ పనిచేస్తున్నాయి. వాటిని ముట్టుకునే ముందు చేతులు కడుక్కోవాలని నేనొక నియమం పెట్టాను. దానితో కుళాయి దగ్గర చిన్న యుద్ధం జరిగింది. బడుల కమిటీ పంపిన కాగితం మా పెద్దమేడం నాకు చదివి వినిపించింది, కుడిచెవి వైపు నిలబడి, పాపం. నాకర్థమైంది ఇది. నా రెండో తరగతిలో ముప్పై రెండుమంది పిల్లలు. సగంమంది మీ ట్యాబులో కథ చదువుతారు, సగంమంది అదే కథ అచ్చు కాగితం మీద చదువుతారు. వారానికొకటి. ఆఖరి కథ అయ్యాక ఒక్కొక్కరినీ విడిగా కూచోబెట్టి ఒకే ఒక్క ప్రశ్న అడగాలి. వాళ్లన్న మాట అన్నట్టే రాసి, కింద "అర్థమైంది", "అర్థం కాలేదు" అని గుర్తు పెట్టాలి. దాన్ని చూసి కమిటీ మిగతా బడులకి ట్యాబులు తెప్పించాలో వద్దో తేల్చుకుంటుంది. అంతేగా?

పెట్టెల మీద మీ కంపెనీ బొమ్మ చూపించి "ఇది మా తమ్ముడి పని" అని అందరికీ చెప్పాను. అడగనివాళ్లకి కూడా. ఇంతకీ నువ్వక్కడ సరిగ్గా ఏం చేస్తావో రాయి. పెద్దమేడం అడిగితే "కంప్యూటర్ పని" అన్నాను. "మా బడిలో కంప్యూటర్లు తుడిచే ఆయనా అదే చెబుతాడు" అంది.

బుల్లికి దాని అత్త ముద్దులు. ఏం చదువుతోందో రాయమను.

నీ అక్క


జూన్ 25, గురువారం

అక్కా,

మీ పెద్దమేడానికి చెప్పు, నేను తుడవను, ప్రశ్నలు రాస్తాను. కథలు రాసేది ఒకాయన. బొమ్మలు కదిలించేది ఒకమ్మాయి. కథ చివర ప్రశ్న, దానికి మూడు జవాబులు నావి. పిల్లలు సరైనది నొక్కితే తెరమీద నక్షత్రాలు రాలతాయి. ఆ నక్షత్రాల చప్పుడు మా గదిలో రోజంతా వినబడుతుంది, కలలోకి కూడా వస్తోంది.

గదిలో ఆరుగురం. కిటికీ ఒకటే, దాని పక్క కుర్చీ కోసం వంతులు. మొన్న మా పెద్దాయన వచ్చి గుమ్మంలోనే నిలబడి, ఆ బడిలో ఫలితం బాగుంటే మీరు ఉంటారు, లేకపోతే గది ఖాళీ చేద్దురుగాని అన్నాడు. కూచోమన్నా కూచోలేదు.

నీ మరదలికి ఏడో నెల. మెట్లెక్కొద్దని డాక్టరమ్మ అంది. మేమేమో మూడో అంతస్తు. బుట్టకి తాడు కట్టి కూరగాయలు పైకి లాక్కుంటోంది. ఉద్యోగం పోయిన నెలే మానేసింది. బుల్లి ఆ బుట్టలో తన బొమ్మను ఎక్కించి దించుతోంది, కింద ఇంటివాళ్లు గోల.

ఇవన్నీ నీకెందుకు రాస్తున్నానో తెలీదు. నువ్వు మాత్రం ఉన్నదున్నట్టు రాయి. తమ్ముడని చూడకు.

బావగారి రేడియో ఇంకా అంత గట్టిగానే మోగుతోందా? ఆ ఇంట్లో నీ చెవులు పోవడంలో వింతేముంది.

నీ తమ్ముడు


జూలై 19, ఆదివారం

తమ్ముడూ,

నా మరదలి బుట్ట సంగతి చదివి నవ్వాను, తర్వాత నవ్వినందుకు నొచ్చుకున్నాను. అంత బరువు ఆమె లాగకూడదు. నువ్వు ఆఫీసుకెళ్లే ముందే తెచ్చి పెట్టు.

ఇక్కడ ట్యాబ్ గుంపు అంటే పెళ్లివారు, కాగితం గుంపు అంటే పిలవని పేరంటం. అట్నుంచి నక్షత్రాలు, కేరింతలు. ఇట్నుంచి నిట్టూర్పులు. కాగితం గుంపులో ఒక పిల్ల ఉంది. వీధి మొదట్లో తాళాలు బాగుచేసే ఆయన కూతురు. అక్షరం కింద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ, ఒక్కో మాటా మోసుకెళుతుంది. నేను చీమ అని పిలుస్తాను. అందరూ ముగించి కిటికీలోంచి చూస్తుంటారు, ఇది రెండో పేజీలో ఉంటుంది. ఒక్కోసారి వెనక్కి తిప్పి, మొదటి పేజీలో ఏదో సరిచూసుకుని మళ్లీ వస్తుంది. గంట కొట్టినా లేవదు.

నువ్వేమీ అనుకోనంటే ఒక మాట. పోయిన వారం పడవ కథ పెట్టాం కదా. ట్యాబ్ గుంపులో ఒకణ్ణి "కథేమిట్రా" అని అడిగాను. కప్ప గురించి చెప్పాడు. పక్కవాణ్ణి అడిగాను, వాడూ కప్పే. కథ మొత్తం నేను మళ్లీ చదివాను తమ్ముడూ, అందులో కప్ప లేదు. బొమ్మలో చెరువు మూల నొక్కితే బెకబెకమంటుంది చూడు, అది. పడవవాడు ఎందుకు ఏడ్చాడో ఇద్దరికీ తెలీదు. ఏడ్చాడని కూడా తెలీదు.

ఆ కప్పని తీసెయ్యడానికి వీలవుతుందా? అడిగానంతే.

నీ అక్క


జూలై 29, బుధవారం

అక్కా,

కప్పని తీసెయ్యమన్నావు. మా గదిలో అందరికీ చదివి వినిపించాను, బొమ్మల అమ్మాయి తప్ప అందరూ నవ్వారు. ఆ కప్ప ఆ అమ్మాయి నెల రోజుల పని.

తర్వాత నాకు కొంచెం కష్టమనిపించింది. చిన్నప్పుడు నువ్వు నా చేతిలో పుస్తకం తప్ప ఇంకేదీ చూడలేకపోయేదానివి. గోళీలు లాక్కున్నావు, గాలిపటం అటకమీద పెట్టావు. ఇప్పుడు కప్ప వంతు. ట్యాబ్ అంటే నీకు ముందే ఇష్టం లేదనీ, అందుకని అలా కనబడుతోందనీ నేననను. కానీ చూసే కంటిని బట్టి ఉంటుంది కదా. బుల్లి మా కథలు నూట పన్నెండు పూర్తి చేసింది. అన్నిటికీ నక్షత్రాలు. ఆఫీసులో దాని ఫోటో గోడకి పెట్టారు.

నీ కాగితాలు ఎనిమిదో తేదీలోపు కమిటీకి చేరాలి. పన్నెండున వాళ్లు మా ఆఫీసుకి వస్తున్నారు. పెద్దాయన అప్పుడే కొత్త కుర్చీలు తెప్పించాడు.

నీ మరదలు అడిగింది, అక్క మన మీద ఏమైనా కోపంగా ఉందా అని. లేదన్నాను. లేదుగా?

నీ తమ్ముడు


ఆగస్టు 9, ఆదివారం

తమ్ముడూ,

కాగితాలు గురువారమే పంపేశాను. ట్యాబ్ గుంపులో పదిమందికి అర్థమైంది, కాగితం గుంపులో తొమ్మిదిమందికి. రెండూ ఒకటే అనుకోవచ్చు.

నా పేరు ఎక్కడా వెయ్యొద్దని మీవాళ్లకి చెప్పు.

నాకెవరి మీదా కోపం లేదు. మరదలిని మెట్లెక్కనివ్వకు. చెయ్యి నొప్పిగా ఉంది, ఇంతే రాయగలను.

అక్క


ఆగస్టు 20, గురువారం

అక్కా,

ఉంటున్నాం. ఆరుగురమూ. నలభై బడులు తీసుకుంటున్నాయి. పెద్దాయన ఈసారి లోపలికొచ్చి కూచున్నాడు, కిటికీ పక్క కుర్చీలోనే.

నువ్వు నాలుగు ముక్కలు రాసి ఊరుకుంటే కప్ప మాటకి ఇంకా అలిగావనుకున్నాను. అలిగినా నిజం నిజంలా రాశావు, అది నీ గొప్ప. పేరు వెయ్యొద్దన్నావుగానీ నేనే వేయించాను. మొదటి పేజీలోనే ఉంది, "ముప్పై ఏళ్ల అనుభవమున్న ఉపాధ్యాయురాలు" అని. ఎప్పుడూ నువ్వే నా గురించి చెప్పుకోవాలా, ఈసారి నా వంతు.

ఇంకో సంగతి. నెలాఖరుకి కాన్పు కావచ్చు. సెప్టెంబరు మొదటి రెండు వారాలు బుల్లికి సెలవులు. నీ దగ్గర ఉంచుకుంటావా? ట్యాబ్ ఇచ్చి పంపుతాను, నిన్ను విసిగించదు.

నీ తమ్ముడు


సెప్టెంబరు 20, ఆదివారం

తమ్ముడూ,

బుల్లి క్షేమంగా చేరిందని, పసివాడు పాలు బాగా తాగుతున్నాడని చదివి ఊపిరి పీల్చుకున్నాను. వాడిది మన నాన్న ముక్కే అంటున్నావు. మన ఇంట్లో పుట్టిన ప్రతివాడికీ ఆ ముక్కు అంటగడతాం, తర్వాత అది వాడిష్టం వచ్చినట్టు పెరుగుతుంది.

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ముందు తేలికది రాస్తాను.

బుల్లి వచ్చిన రెండో రోజు గుమ్మంలో కూచుని "అత్తా, నేను చదవడం చూడు" అంది. తెరిచింది ఎలుగుబంటి కథ, మా పిల్లలకి ఆఖరి వారం పెట్టినదే. ఎలుగుబంటి తన కొత్త గొడుగు తాబేలుకిస్తుంది. తాబేలుకి గొడుగెందుకు, వీపు మీదే కప్పు ఉంది. అయినా తీసుకుంటుంది. ఎందుకు తీసుకుంది అన్నదే ప్రశ్న. బుల్లి మేఘాన్ని నొక్కి వాన కురిపించింది, గొడుగుని నొక్కి పదిసార్లు తెరిచి మూసింది, చివరికొచ్చి ఠక్కున సరైన జవాబు నొక్కింది. నక్షత్రాలు రాలాయి.

ట్యాబ్ మూసి, "తాబేలు గొడుగెందుకు తీసుకుందే" అని అడిగాను.

"వానొచ్చిందిగా."

"మరి నువ్వు నొక్కింది అది కాదుగా. వద్దంటే ఎలుగుబంటి మనసు నొచ్చుకుంటుందని ఉన్నది నొక్కావు."

"అది పొడుగ్గా ఉంది అత్తా. నాన్న రాసినవాటిలో పొడుగ్గా ఉన్నదే ఒప్పు. ఎప్పుడూ అంతే."

"నాన్నకి తెలుసా?"

"ఎప్పుడో చెప్పా. ఎవరికీ చెప్పకన్నాడు."

దాన్ని నేనేమీ అనలేదు. నిన్ను అనడానికీ నాకు నోరు లేదు. ఎందుకో ఇప్పుడు రాస్తాను.

కమిటీ నా కాగితాలు చూసి, అర్థం కాలేదని గుర్తున్న పిల్లలందరినీ బడి అయ్యాక ఇంకో గంట కూచోబెట్టమంది. ట్యాబులతోనే. నా బల్ల పక్క పుస్తకాల అర ఖాళీ చేయించి పుస్తకాలు సామాన్ల గదిలో పడేశారు. రెండూ ఒకటే అని తేలాక చోటెందుకు దండగ అన్నారు. చీమ పేరు ఆ అదనపు గంట జాబితాలో ఉంది. మొన్న గురువారం వాళ్ల నాన్న వచ్చాడు, వేళ్ల నిండా ఇనుప మసి, కూతుర్ని చెయ్యి పట్టుకుని.

"మా పిల్ల మెల్లగా చదువుతుందని నాకు తెలుసు మేడం. అర్థం కూడా కాదా?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపు చీమ అందుకుంది. "నేను సరిగ్గానే చెప్పా నాన్నా. వద్దంటే ఎలుగు బాధపడుతుందని తీసుకుందని చెప్పా. మేడం రాసుకుంది కూడా."

ఆయన దాని చెయ్యి గుంజాడు. "మేడం అబద్ధం రాస్తుందా? సారీ చెప్పు."

అది నా మొహంలోకి చూసింది. నేనేమైనా అంటానని చూసింది తమ్ముడూ. కాసేపు చూసి, "సారీ మేడం" అంది.

నేను "పరవాలేదమ్మా" అన్నాను.

చీమ సరిగ్గానే చెప్పింది. కాగితం గుంపులో పదమూడుమంది సరిగ్గా చెప్పారు. ట్యాబ్ గుంపులో ఆరుగురు. నీ ఉత్తరం, కొత్త కుర్చీల ఉత్తరం, శనివారం వచ్చింది. ఆదివారం మీ బావగారు బజారుకి వెళ్లినప్పుడు తలుపు గడియ పెట్టుకుని, కాగితం గుంపులో నలుగురి మాటలు ట్యాబ్ గుంపులో నలుగురి పేర్ల కింద రాశాను. వాళ్ల తప్పు జవాబులు వీళ్ల పేర్ల కింద. ఎనిమిది పేర్లు. కొత్త కాగితాల మీద, మంచి దస్తూరీతో. ఎవరివి మారిస్తే తల్లిదండ్రులు వచ్చి అడగరో అని ఒక్కొక్కరినీ తలుచుకుని ఎంచాను. తాళాల ఆయన అడగడనుకున్నాను.

నువ్వు ఉన్నదున్నట్టు రాయమన్నావు. అంతకు ముందు రాసిన మూడు పేరాలే నాకు వినబడ్డాయి. నీ మీద నెట్టడం లేదు. చేసింది నా చెయ్యి.

ఇప్పుడేం చెయ్యాలో తెలీదు. గురువారం నుంచి చీమ తరగతిలో పైకి చదవడం మానేసింది. చదవమంటే లేచి నిలబడుతుంది, వేలు పెడుతుంది, పెదాలు కదలవు.

అక్క


సెప్టెంబరు 30, బుధవారం

అక్కా,

నీ ఉత్తరం చేతిలో పట్టుకుని ఆఫీసు మెట్లమీద కూచుండిపోయాను. మొదట వచ్చింది కోపమే. ఉన్నదున్నట్టు రాయమన్నానుగా, నేనడిగానా, నన్నెందుకు దొంగని చేశావు అని ఒక పెద్ద ఉత్తరం రాశాను. అది పంపడం లేదు. అందులో ప్రతి మాటా గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టే ఉంది.

బుల్లి చెప్పింది నిజం. మార్చి నెలలోనే చెప్పింది. నేను కూచుని నా ప్రశ్నలన్నీ చూసుకున్నాను. సరైన జవాబు పూర్తిగా, వివరంగా రాస్తాను. తప్పువి రెండేసి మాటల్లో గీకేస్తాను. బద్ధకం. అంతకంటే పెద్ద కారణం లేదు. నూట పన్నెండిటిలో నూట ఆరు అలాగే ఉన్నాయి. ఎవరికైనా చెబితే అన్నీ తిరగరాయాలి, పిల్లలు సంపాదించిన నక్షత్రాలన్నీ ఉత్తవని ఒప్పుకోవాలి. దాని ఫోటో అప్పటికే గోడమీద ఉంది.

ఇంకోటి ఉంది. పోయిన ఏడాది మేమే ఒక చిన్న బడిలో ఇలాంటి పోలిక చేసి చూశాం. కాగితం పిల్లలకే ఎక్కువ అర్థమైంది. పెద్దాయన ఆ కాగితాలు తీసి ఎక్కడో పెట్టేశాడు. తర్వాత ఏ బడికి పంపుదామని అడిగితే నేనే మీ బడి పేరు చెప్పాను. మీ బడే ఎందుకని నువ్వొక్కసారీ అడగలేదు. నువ్వు నాకు చెడు రాయలేవని నాకు తెలుసు అక్కా. తెలిసే పంపాను. "ఉన్నదున్నట్టు రాయి" అన్నది నా చేతులు శుభ్రంగా ఉండాలని రాసిన మాట.

కింద ఒక వాక్యం కొట్టేశాను. ఎంత కొట్టేసినా నీకు కనబడుతుంది. కమిటీకి ఏమీ చెప్పకు అని రాశాను. కొట్టేశాను. మళ్లీ రాయాలనిపిస్తోంది.

తమ్ముడు


అక్టోబరు 4, ఆదివారం

తమ్ముడూ,

నీ ఉత్తరం శుక్రవారం అందింది. కొట్టేసిన వాక్యం చదివాను. అప్పటికే అయిపోయింది. సోమవారం తల్లిదండ్రుల సమావేశంలో చెప్పేశాను.

పెద్దవాళ్లు పిల్లల బల్లల మీద, మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూచున్నారు. పెద్దమేడానికి అంతకు గంట ముందు చెప్పాను. ఆమె చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకుని, "ఈ మాట నాకు చెవిలో చెప్పి ఊరుకుంటే సరిపోయేది కదా" అంది. నాకు ఉన్నదే ఒక చెవి మేడం, నేను గట్టిగానే చెప్పాలి అన్నాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

ఎనిమిది పేర్లూ చదివాను. ఎవరు ఏమన్నారో, నేనేం రాశానో. ఒకామె మధ్యలోనే లేచి, తన కొడుకు తప్పు చెప్పిన సంగతి అందరిముందూ చదివినందుకు నన్ను కడిగేసింది. ఆమె అన్నదీ న్యాయమే, అది నాకు తట్టనే లేదు. ఒకాయన నాకెంత ముట్టిందని అడిగాడు. ఏమీ ముట్టలేదంటే నమ్మలేదు. ముట్టి ఉంటే వాళ్లకి అర్థం చేసుకోవడం సులువయ్యేదేమో.

తాళాల ఆయన చివరివరకు కూచుని, లేచి, "మా పిల్లచేత మీకు సారీ చెప్పించాను" అన్నాడు. అంతే. వెళ్లిపోయాడు.

మర్నాడు తరగతిలో చీమని ముందుకు పిలిచి అందరూ వినేలా చెప్పాను, నువ్వు చెప్పిందే సరైనది, నేను తప్పు రాశాను, నేనే నీకు సారీ చెప్పాలి అని.

"మరెందుకు మార్చారు?" అంది.

"మా తమ్ముడికి మంచి జరగాలని."

"మీ తమ్ముడు చిన్నపిల్లాడా?"

"ముప్పై ఎనిమిదేళ్లు."

తరగతంతా పగలబడి నవ్వింది. చీమ నవ్వలేదు. తన చోటికి వెళ్లి కూచుంది.

నన్ను తరగతి నుంచి తీసేశారు. ఇక రిటైరయ్యేదాకా, అంటే పద్నాలుగు నెలలు, హాజరు పట్టికలు రాయడం, సామాన్ల గది చూసుకోవడం. కమిటీ నుంచి విచారణకి మనిషి వస్తాడట. మీ బావగారికి నేను చెప్పేలోపే బజారులో ఎవరో చెప్పారు. ఆయన ఇంటికొచ్చి రేడియో కట్టేసి కూచున్నాడు. ఆ నిశ్శబ్దం నాక్కూడా వినబడింది.

నువ్వు తెలిసే నా దగ్గరికి పంపావన్నది చదివి నాకు కోపం రాలేదు. సిగ్గేసింది. నా తమ్ముడు నన్నెంత బాగా చదివాడో అని.

నీ గది సంగతి, మరదలి సంగతి, మిగతా అయిదుగురి సంగతి తలుచుకుంటున్నాను. మీ అందరి అన్నం మీద చెయ్యి పెట్టాను. అయినా మళ్లీ చెప్పమంటే మళ్లీ చెబుతాను. ఇది కూడా ఉన్నదున్నట్టే రాస్తున్నాను.

అక్క


అక్టోబరు 22, గురువారం

అక్కా,

వారం రోజులు నీమీద పళ్లు నూరాను. నీ కమిటీ మనిషి మా ఆఫీసుకి ఉత్తరం రాస్తాడేమోనని ఎదురుచూస్తూ కూచున్నాను కూడా. అది రాకముందు ఒకరోజు పసివాణ్ణి భుజంమీద వేసుకుని, బుల్లిని పక్కన కూచోబెట్టుకుని, "నువ్వు చదివిన నూట పన్నెండిటిలో నీకిష్టమైన కథొకటి చెప్పు" అన్నాను. "ఒక ఎలుగుబంటి" అంది. ఆగింది. "ఒక పడవ" అంది. ఆగింది. ఇంకొకటి మొదలుపెట్టబోయి నా మొహం చూసి ఏడ్చేసింది. తనకేదో పోయిందని ఏడవలేదు అక్కా. నేను తిడతానని ఏడ్చింది. నేను దానికి నేర్పిందల్లా నన్ను కనిపెట్టడం.

మర్నాడు పెద్దాయన గదిలోకి వెళ్లి పొడుగు జవాబుల సంగతి చెప్పాను. పోయిన ఏడాది కాగితాల సంగతి కమిటీకి నేనే రాస్తానన్నాను. కూచోమనలేదు. రాశాను. నలభై బడులూ ఆగిపోయాయి. పెద్దాయన మా గదికి తాళం వేయించాడు. సామాన్లు పెట్టెల్లో సర్దుకుంటున్నప్పుడు బొమ్మల అమ్మాయి ఒక్కటే అంది, "ఆ కప్పని తీసెయ్యమని మీ అక్క రాసినప్పుడే నాకు తెలుసు, కానీ నెల రోజుల పని కదా" అని. మిగతావాళ్లు నాతో మాట్లాడలేదు. వాళ్లలో ఒకాయన కూతురి చదువు మధ్యలో ఉంది. ఆయన మొహం నాకింకా కనబడుతోంది.

నీ మరదలు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఉద్యోగం పోయినందుకు కాదట. "బుల్లి చెప్పినప్పుడు దాని నోరు మూయించావు చూడు, అందుకు" అంది. ఒక అచ్చాపీసులో ప్రూఫులు దిద్దే పని ఉందన్నారు, సోమవారం వెళ్లి అడుగుతాను.

నీ ఉద్యోగం మొహంమీద మచ్చ వేసింది నేను. పద్నాలుగు నెలలు ఆ గదిలో నువ్వు ఒక్కదానివీ కూచుంటావని తలుచుకుంటే నిన్ను క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు. అందుకే అడగడం లేదు. రాశానంతే.

తమ్ముడు


నవంబరు 15, ఆదివారం

తమ్ముడూ,

అచ్చాపీసు పని దొరికిందని చదివి మీ బావగారు రేడియో పెట్టాడు. ఇంట్లో ఆ మోత మళ్లీ వినబడటం ఇదే మొదలు. ప్రూఫులు జాగ్రత్తగా దిద్దు. తొందరగా ఇంటికి రావాలని పేజీలు దాటెయ్యకు. అంటే అన్నానని అనుకుంటావుగానీ అక్కని కదా.

విచారణ మనిషి వచ్చి వెళ్లాడు. నా ఉద్యోగం రికార్డులో ఒక ఎర్ర గీత పడింది, అది ఉంటుంది. టీచర్ల గదిలో నేను వెళితే మాటలు ఆగుతాయి. చెవుడు ఉన్నదాన్ని, ఆగినట్టు నాకు తెలియదనుకుంటారు. నేనూ తెలియనట్టే టీ తాగి వస్తాను.

సామాన్ల గదిలో పుస్తకాలన్నీ దుమ్ము దులిపి సర్దాను. నాలుగు పుస్తకాలు సంచిలో వేసుకుని ఒక సాయంత్రం తాళాల కొట్టు దగ్గరికి వెళ్లాను. చిన్న కొట్టు, గోడల నిండా మేకులు, మేకుల నిండా తాళంచెవులు. చీమ లోపల నేలమీద కూచుని ఉంది. "మీకభ్యంతరం లేకపోతే రోజూ ఒక అరగంట దీంతో చదివిస్తాను" అన్నాను. ఆయన ఆకురాయితో ఏదో అరగదీస్తూ తలెత్తలేదు. నేను గుమ్మం బయట నిలబడ్డాను. చీమ బయటికొచ్చి పుస్తకం తీసుకుంది, చదవలేదు. అరగంట అలాగే నిలబడి ఇంటికొచ్చాను.

ఆరు రోజులు అంతే. ఏడో రోజు వెళ్లేసరికి గుమ్మంలో ఒక స్టూలు ఉంది. ఎనిమిదో రోజు చీమ పెదాలు కదిలాయి. వినబడేంత కాదు. నాకు ఎలాగూ వినబడదు గనక అడగలేదు.

మొన్న శుక్రవారం గంట పోగొట్టుకున్న లేగదూడ కథ చదువుతోంది, పైకే, వేలు పెట్టుకుని. తొమ్మిదో పేజీలో ఆగిపోయింది. ఒక్కో పేజీ వెనక్కి తిప్పుకుంటూ వెళ్లి, మూడో పేజీ దగ్గర వేలు పెట్టి, మళ్లీ ముందుకొచ్చింది.

"ఇది తప్పు మేడం. ఇక్కడ గంట ఏట్లో పడిపోయిందని ఉంది. ఇక్కడ మళ్లీ దూడ మెడలో మోగిందంటున్నారు. మధ్యలో ఎవరూ తీసి కట్టలేదు."

ఈ పుస్తకం నేను ఇరవై ఏళ్లుగా పిల్లలచేత చదివిస్తున్నాను. నాకెప్పుడూ కనబడలేదు. ఏ పిల్లా చెప్పలేదు.

ఆయన చేతిలో ఆకురాయి ఆగింది. "సరిగ్గా చూడు. పుస్తకంలో తప్పు రాస్తారా" అన్నాడు కూతురితో. ఆ మాట అనేసి, తను ఏమన్నాడో తనకే తట్టినట్టు నావైపు చూశాడు. ఆ సమావేశం తర్వాత నావైపు చూడటం ఇదే మొదటిసారి. "మీరూ చూడండి" అన్నాడు.

రెండు పేజీలూ చదివాను. తొందరపడకుండా, మధ్యలో ఉన్నవి కూడా చదివాను.

"మీ అమ్మాయి చెప్పిందే సరైనది. పుస్తకంలోనే తప్పుంది" అన్నాను.

ఆయన మళ్లీ పనిలోకి తల వంచాడు. "రాసివ్వండి" అన్నాడు.

కొట్లో బిల్లు కాగితం ఒకటి తీసి, వెనక వైపు రాశాను. ఏ పుస్తకం, ఏ పేజీలు, ఏమి తప్పు, అది ఎవరు కనిపెట్టారు. చీమ అసలు పేరు, ఇంటిపేరుతో సహా. కింద నా సంతకం. ఆయన దాన్ని తీసుకుని వెలుతురుకి పట్టుకుని మొత్తం చదివాడు, తన కూతురిలాగే, మాట మాట కింద మసి వేలు కదుపుతూ. తర్వాత కూతురికిచ్చి, "నువ్వు చెప్పిందే రాసిందేమో చూసుకో" అన్నాడు.

అది చూసుకోవడం మొదలుపెట్టింది. నేను స్టూలు మీద కూచుని, అది ముగించేదాకా ఆగాను.

నీ అక్క